బియ్యం ఉచితం, కూలి మాత్రం పాతదే

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ మెట్లు తుడిచే ఆవిడ ఒక కరెంటు బిల్లు పట్టుకుని వచ్చింది. "అన్నయ్యా, ఇందులో ఏం రాసుందో కాస్త చదివి పెట్టు. సచివాలయంలో పిల్ల దీన్ని చూసి తల అడ్డంగా ఊపేసింది" అంది. వాళ్ల అత్తగారిది మూడు వాటాల ఇల్లు. ఒక వాటాలో వీళ్లు, ఒకదాంట్లో మరిది కుటుంబం, మూడోదాంట్లో అద్దెకున్నవాళ్లు. అందరికీ కలిపి అత్తగారి పేర ఒకటే మీటరు. మూడిళ్ల ఫ్రిజ్‌లూ ఫ్యాన్లూ, మరిది కొన్న పాత కూలరూ కలిసి సగటు వాడకాన్ని 300 యూనిట్లు దాటించాయి. అత్తగారి పింఛనుకూ, ఈవిడ పిల్లల చదువు డబ్బులకూ ఒకేసారి బ్రేకు పడింది.

"పొద్దున్నే ఆరింటికి నేను ఇక్కడికొస్తా. ఆయన మేస్త్రి కింద పోతాడు. ఏ పనీ చేయకుండా కూర్చుంటే కూలరుండేది కాదు, పింఛనుండేది. అంతేనా అన్నయ్యా?"

నేను నవ్వబోయి ఆగాను. ఎందుకంటే ఆమె అడిగింది ఆర్థికవేత్తలు రెండు వందల ఏళ్లకు పైగా తన్నుకుంటున్న ప్రశ్నే. ఒళ్లు వంచి పనిచేసే మనిషికి సర్కారు సాయం అందితే ఆ మనిషి పేదరికం తగ్గుతుందా? లేక పేదరికంతోనే సర్దుకుపోయే వీలు దొరుకుతుందా?

పేదవాడు అనగానే పని లేనివాడు కళ్ల ముందు మెదులుతాడు గానీ, మన దగ్గర పని లేకుండా కూర్చునే స్థోమత పేదవాడికి ఎక్కడిది? చదువుకున్న కుర్రాడు మంచి ఉద్యోగం కోసం రెండేళ్లు ఖాళీగా ఉండగలడు. కూలి మనిషి రెండు రోజులు కూడా ఉండలేడు. 2023-24 శ్రామికశక్తి సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవాళ్లలో 58.4 శాతం 'స్వయం ఉపాధి' వాళ్లు. మాట గొప్పగానే ఉంది. అందులో తోపుడు బండీ, కుట్టు మిషనూ, ఎకరన్నర కౌలూ అన్నీ ఉన్నాయి. మరో 19.8 శాతం రోజుకూలీలు. నెల జీతగాళ్లు 21.7 శాతమే. వాళ్లలోనూ మా మెట్ల ఆవిడలాంటివాళ్లు ఎందరో.

పేదరికం తగ్గలేదని ఎవరూ అనలేరు. టెండూల్కర్ పద్ధతిలో 2011-12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 9.2 శాతం. అయితే అప్పటి పేదరికపు గీత పల్లెల్లో మనిషికి నెలకు 860 రూపాయలు. 870 ఖర్చుపెట్టినవాడు పేదవాడు కాదన్నమాట! తర్వాత నీతి ఆయోగ్ పోషణ, చదువు, ఇల్లు, నీళ్లు లాంటివన్నీ కలిపి లెక్కగట్టే బహుముఖ పేదరిక సూచీ తెచ్చింది. 2015-16కూ 2019-21కూ మధ్య అది ఆంధ్రప్రదేశ్‌లో 11.77 నుంచి 6.06 శాతానికీ, తెలంగాణలో 13.18 నుంచి 5.88 శాతానికీ దిగింది. గీత ఎక్కడ గీసినా దిగువనున్నవాళ్లు తగ్గారు. ఈ తగ్గుదలలో పథకాలదెంత, కూలి రేట్లదెంత అన్నదే తేల్చుకోవాల్సింది.

ముందు బియ్యం సంగతి. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. 1996లో అది మూడున్నర అయింది, 2008లో మళ్లీ రెండుకు దిగింది, 2011లో రూపాయి అయింది. 2023 జనవరి నుంచి కేంద్ర ఆహార భద్రతా చట్టం కింది కోటా పూర్తిగా ఉచితం. తెలంగాణ 2015 నుంచి మనిషికి ఆరు కిలోల చొప్పున ఇస్తోంది, 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే పోస్తోంది. నాలుగు దశాబ్దాలుగా ఏ పార్టీ వచ్చినా బియ్యాన్ని ఆపలేదు. మూడున్నర చేసినవాళ్లను జనం చాలాకాలం గుర్తుపెట్టుకున్నారు.

బియ్యం పేదరికాన్ని తగ్గించిందా అంటే, తగ్గించింది. ఆర్థికవేత్తలు జాఁ ద్రేజ్, రీతికా ఖేరా 2009-10 జాతీయ నమూనా సర్వే అంకెలతో లెక్కగట్టారు. చౌక దుకాణాల వల్ల పల్లెల్లో పేదరికపు 'లోతు' దేశం మొత్తంమీద 18 నుంచి 22 శాతం తగ్గిందని తేల్చారు. పంపిణీ సవ్యంగా నడిచే తమిళనాడులోనైతే ఆ తగ్గుదల 61 నుంచి 83 శాతం దాకా ఉంది. లోతు అన్నమాట గమనించాలి. గీతకు వంద రూపాయల కిందున్నవాడు ఇరవై రూపాయల కిందకు చేరుకున్నా తలల లెక్కలో పేదవాడిగానే ఉంటాడు. కానీ వాడి ఇంట్లో తేడా ఉంటుంది.

ఈమధ్య లెక్క కూడా ఒకటుంది. 2023-24 గృహ వినియోగ సర్వేలో పల్లెల్లో మనిషి సగటు నెల ఖర్చు 4,122 రూపాయలు. ఉచితంగా అందిన బియ్యం, యూనిఫారాలు, సైకిళ్లు వగైరాల విలువ కలిపితే 4,247. అంటే తేడా 125 రూపాయలు. పట్నాల్లో అది 82 రూపాయలే. దేశమంతా 'ఉచితాలు, ఉచితాలు' అని గుండెలు బాదుకునేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి. ఇందులో ఉచిత విద్య, వైద్యం విలువ కలపలేదు. ఖాతాలో పడే నగదును విడిగా చూపలేదు, అది మామూలు ఖర్చులోనే కలిసిపోతుంది. పైగా ఇది భూస్వామినీ కూలీనీ ఒకే గంపలో వేసి తీసిన సగటు. కూలి ఇంటి లెక్క వేరు. నలుగురున్న ఇంటికి తెలంగాణలో 24 కిలోలు వస్తాయి. బయట కిలో యాభై వేసుకుంటే 1,200 రూపాయలు. రెండు మూడు రోజుల కూలి.

ఆ రెండు మూడు రోజులే అసలు విషయమని నేననుకుంటాను. ఇంట్లో బియ్యం ఉంటే అడ్డా మీద మనిషి బేరమాడతాడు. పొద్దున ఏడున్నరకు కాంట్రాక్టరు వచ్చి 'ఆరొందలిస్తా, ఎక్కండి' అంటే, పొయ్యి మీదికి గింజ లేనివాడు ఎక్కేస్తాడు. గింజ ఉన్నవాడు 'ఏడొందలైతే వస్తాం' అని నిలబడతాడు. తొమ్మిది దాకా బండి రాకపోతే ఇంటికి పోతాడు, ఆ రోజుకు పస్తుండడు. బియ్యం విలువను రూపాయల్లో కొలిచే సర్వేలకు ఈ నిలబడటం కనిపించదు.

బియ్యానికి హద్దూ ఉంది. అదే సర్వేలో పల్లె ఖర్చులో తృణధాన్యాల వాటా 5 శాతం దగ్గరకు పడిపోయింది. ఇప్పుడు కూలి ఇంటిని కుంగదీసేది అన్నం కాదు. అద్దె, గ్యాసు, నూనె, ట్యూషన్ ఫీజు, బండి కిస్తీ. 1983లో ఆకలికి వేసిన మందును మనం అన్ని జబ్బులకూ వేస్తున్నాం. అక్కర్లేని ఇంట్లో అది సంచీలోంచి ఆటోలోకి, ఆటోలోంచి మిల్లులోకి పోయి పాలిష్ పట్టించుకుని వస్తోంది. ఆ వ్యాపారం గురించి మళ్లీ కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

బియ్యం కథలో మెచ్చుకోవాల్సిన మలుపు ఇంకొకటుంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకూ, హైదరాబాదు కట్టడాలకూ వలసపోతాయి. కార్డు ఊళ్లో, మనిషి బయట. 2019 ఆగస్టులో దేశంలోనే మొదటగా రెండు జంటల రాష్ట్రాల మధ్య ఎక్కడి కార్డుకైనా మనిషి ఉన్నచోటే బియ్యమిచ్చే పద్ధతి మొదలైంది. అందులో ఒక జంట ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. పనిని వెతుక్కుంటూ పోయేవాడి వెంట సాయం కూడా నడిచిరావాలి గదా.

ఇక ఉపాధి హామీ. మా వైపు దాన్ని ఇప్పటికీ 'కరువు పని' అంటారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దీన్ని ప్రారంభించారు. కరువు సీమలో మొదలైన పథకానికి ఆ పేరు నప్పింది కూడా. అయితే బియ్యానికీ దీనికీ ఉన్న తేడా ఒక్కటే. బియ్యం ఇంటికి వస్తుంది, కరువు పని ఊళ్లో కూలి రేటు మీదికి వస్తుంది.

దీనికి తిరుగులేని సాక్ష్యం మన నేల మీదే దొరికింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి కూలి, పింఛన్ల చెల్లింపులకు వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు, ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. ఆ మండలాల జనాభా సుమారు 1.9 కోట్లు. ఇంత పెద్ద ప్రయోగం ప్రపంచంలోనే అరుదు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దాని ఫలితాలను ఏళ్ల తరబడి వెంటాడారు. ముందు తేలింది, కూలి త్వరగా అందుతోందనీ మధ్యలో మింగేది తగ్గిందనీ. అది ఊహించిందే. 2023లో 'ఎకనొమెట్రికా' పత్రికలో అచ్చయిన రెండో వ్యాసం మాత్రం చాలామంది నోళ్లు మూయించింది. పథకం సరిగ్గా నడిచిన మండలాల్లో లబ్ధిదారు కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. పెరిగిన ఆదాయంలో 86 శాతం ఉపాధి పనిలోంచి రాలేదు! బయటి పనుల్లోంచి, అంటే రైతుల పొలాల్లో, ఇతర ప్రైవేటు పనుల్లో పెరిగిన కూలిలోంచీ దొరికిన పనిదినాల్లోంచీ వచ్చింది.

ఇది ఎలా జరుగుతుందో ఊరి మనిషికి వ్యాసం చదవకుండానే తెలుసు. ఊళ్లో భూమి నలుగురి చేతుల్లో ఉంటే కూలి రేటు రచ్చబండ దగ్గర ఆ నలుగురే అనుకుంటారు. కూలీకి వేరే దారి లేదు. చెరువు పూడిక పనిలో మస్టరు వేస్తారనీ, డబ్బు నిజంగా పడుతుందనీ తెలిస్తే దారి ఒకటి ఏర్పడుతుంది. వాళ్లు ఆ పనికి వెళ్లనక్కర్లేదు. వెళ్లగలరన్న సంగతి ఆసామికి తెలిస్తే చాలు. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడిన ఊళ్లలోనే పనిదినాలు ఎక్కువ పెరిగాయని ఆ ముగ్గురూ రాశారు. కూలి పెరిగితే పని తగ్గుతుందన్న పాఠ్యపుస్తకపు జోస్యం అక్కడ ఫలించలేదు. ఆడవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. పొలంలో మగ కూలికి ఒక రేటు, ఆడ కూలికి ఒక రేటు ఉన్నచోట, ఇద్దరికీ ఒకే రేటు కట్టిన పని ఇదొక్కటే. తెలుగు రాష్ట్రాల్లో ఈ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే.

'కూలోళ్లు దొరకట్లేదు, కరువు పనికి పోయి నీడన కూర్చుంటున్నారు, సోమరులైపోయారు' అనే మాట ఏ ఊరి టీ కొట్టులోనైనా వినిపిస్తుంది. సోమరితనం సంగతి తేల్చడానికి అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు ఆరు దేశాల్లో ప్రభుత్వాలు నడిపిన ఏడు నగదు పథకాల ప్రయోగాలను పరిశీలించారు. సాయం అందినవాళ్లు పని మానేశారనడానికి ఆధారమేదీ దొరకలేదు. టీ కొట్టు మాటకు అర్థం వేరు. 'దొరకట్లేదు' అంటే 'పాత రేటుకు దొరకట్లేదు' అని. అలాగని ఆ మాటను కొట్టిపారేయలేం. రెండెకరాల మిరప వేసిన చిన్న రైతుకు కోత కూలి నిజంగానే నడుం విరుస్తుంది. కానీ ఆ రైతు కష్టానికి మందు పంట ధరలో ఉంది. తనకంటే పేదదైన కోతమనిషి కూలిలో వెతికితే దొరకదు.

ఇంత పనిచేసిన పథకాన్ని మనం ఎలా చూసుకున్నాం? 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. అదైనా కొలతల ప్రకారం పని తేలితేనే. వంద రోజులూ చేస్తే ఏడాదికి 30,700. కానీ దేశం మొత్తంమీద ఒక్కో కుటుంబానికి సగటున దొరుకుతూ వచ్చింది 50 రోజుల చుట్టూనే. రెండు పూటలా పనిచోటు నుంచి ఫోటో పెట్టాలి, సిగ్నల్ లేకపోతే మస్టరు లేదు. ఆధార్ ముడి సరిగా పడకపోతే చేసిన కూలి పడదు. స్మార్ట్‌కార్డు ప్రయోగం నేర్పిన పాఠం, డబ్బు నమ్మకంగా అందితేనే ఆసామి దగ్గర కూలి పెరుగుతుందని. ఆ నమ్మకాన్నే అరగదీస్తూ వచ్చాం.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. వంద రోజులు 125 అయ్యాయి, బాగుంది. ఖర్చు కేంద్ర రాష్ట్రాల మధ్య చాలాచోట్ల 60:40 అయింది. ఇంతకు ముందు కూలి డబ్బంతా కేంద్రానిదే, ఇప్పుడు ఖజానా ఖాళీగా ఉన్న రాష్ట్రం పని పెట్టడానికి వెనకాడుతుంది. నాట్లు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపే వీలు కూడా ఇచ్చింది. ఆ కాలంలో పొలం పని ఎలాగూ దొరుకుతుంది గదా అన్నది ప్రభుత్వ వాదన. దొరుకుతుంది, ఎంతకు అన్నదే ప్రశ్న. ఏడాది మొత్తంలో కూలీ మాటకు కాస్త బరువుండే రెండు నెలలవి. సరిగ్గా అప్పుడే రెండో దారి మూసేయడం టీ కొట్టు మాటను చట్టంలో రాసుకోవడమే. నా మట్టుకు నేను 25 రోజులు అదనంగా ఇచ్చి ఈ 60 రోజులు తీసుకోవడం నష్టపు బేరమే అంటాను.

సాయానికి ఇంకో ముఖం ఉంది. 1795లో ఇంగ్లండులో గోధుమ ధర ఆకాశాన్నంటినప్పుడు, బెర్క్‌షైర్‌లోని స్పీన్‌హామ్‌లాండ్ అనే చోట మేజిస్ట్రేట్లు కూడి ఒక పద్ధతి పెట్టారు. రొట్టె ధరనూ ఇంట్లో తలలనూ బట్టి, పొలం కూలి ఎంత తక్కువ పడితే అంత మొత్తాన్ని ఊరి పన్నుల్లోంచి భర్తీ చేయడం. మంచి ఉద్దేశమే. అయితే 'నువ్వు తక్కువిచ్చినా ఊరు కలుపుతుంది' అని తెలిశాక ఆసాములు కూలి పెంచడం మానేశారని విమర్శకులు విరుచుకుపడ్డారు. 1834లో ఆ పద్ధతినే కాదు, పేదల సాయాన్నే కర్కశంగా కత్తిరించారు. చాలాకాలం తర్వాత, 1963లో మార్క్ బ్లాగ్ అనే ఆర్థిక చరిత్రకారుడు ఆ లెక్కల్ని తిరగదోడాడు. సాయం వల్ల కూలి పడిపోలేదు, కూలి తక్కువగా ఉన్నచోట్లే సాయం పుట్టిందన్నాడు. అయినా అనుమానం చావలేదు. అమెరికాలో 2020లో ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్కతీస్తే, ఆహార కూపన్ల మీద బతికే కార్మికులను ఎక్కువగా పెట్టుకున్న యజమానుల్లో అతి పెద్ద దుకాణాల, హోటళ్ల గొలుసులు ముందు వరుసలో ఉన్నట్టు తేలింది. యజమాని లాభపడుతున్నాడు, పన్ను కట్టేవాళ్లు తిండి పెడుతున్నారు.

మన పథకాలను ఈ గీటురాయి మీద రుద్ది చూస్తే రంగులు తేలతాయి. ఉపాధి హామీ స్పీన్‌హామ్‌లాండ్‌కు సరిగ్గా తిరగబడిన పథకం. పనిచేసే మనిషికి ప్రత్యామ్నాయం చూపి రేటు పెంచింది. వృద్ధాప్య పింఛను ఒక రకంగా ఈ కోవలోదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 4,000 చేశారు. తెలంగాణలో 2019 నుంచి 2,016. ఇందులో అరవై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ల వాళ్లకు కేంద్రం తన వాటాగా ఇచ్చేది ఇప్పటికీ 200 రూపాయలే. అరవై ఐదేళ్ల ముసలామె కలుపుకు పోకుండా ఇంట్లో ఉండగలిగితే, మిగిలిన కూలీల బేరం కాస్త గట్టిపడుతుంది. మనవళ్లను చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే కోడలు పూర్తి రోజు పనికి పోగలదు. పింఛన్ల చర్చలో ఈ రెండో లెక్క ఎవరూ వేయరు.

పెట్టుబడి సాయం మాత్రం పనికి ఇచ్చేది కాదు, పట్టాకు ఇచ్చేది. తెలంగాణలో 2018లో ఎకరానికి పంటకు 4,000తో మొదలై, 2025 నుంచి 6,000 అయింది. పదెకరాల పట్టాదారు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నా ఏడాదికి లక్షా ఇరవై వేలు ఆయన ఖాతాలో పడతాయి. ఆ పొలంలో కౌలుచేసేవాడికి ఏమీ పడదు. భూమిలేని కూలి కుటుంబాల కోసం 2025 జనవరిలో ఏడాదికి 12,000 ఇచ్చే ఆత్మీయ భరోసా తెచ్చారు. దానికి అర్హత, ఉపాధి పనిలో కనీసం 20 రోజులు చేసి ఉండాలి. అంటే భూమి ఉన్నవాడు పాసుపుస్తకం చూపితే చాలు, భూమి లేనివాడు గడ్డపార చూపాలి. రెండు రాష్ట్రాల్లోనూ 'రైతు' అన్నమాటకు సేద్యం చేసేవాడని కాకుండా పేరు రాసున్నవాడని అర్థం స్థిరపడిపోయింది.

బస్సు గురించి ఒక్కమాట. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు జీరో టికెట్. దీన్ని వినోదయాత్రల పథకంలా వెక్కిరించేవాళ్లు, నడిచిపోగలిగినంత దూరంలోనే ఇంటిపని వెతుక్కోవాల్సి వచ్చిన ఆడమనిషిని ఎప్పుడూ అడిగి ఉండరు. అదే బస్సు ఆటోవాడి గిరాకీని తినేసింది. ఒక శ్రమజీవికి ఇచ్చింది మరొకరి జేబులోంచి పోయింది. ఆంధ్రప్రదేశ్ 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15,000 ఇచ్చి ఆ గాయానికి కట్టు కట్టింది.

ఇచ్చింది ఎటుపోతోందో కూడా చూడాలి. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్ల కోసం పొలం అమ్ముకునే రోజుల్ని చాలావరకు ఆపింది, అది చిన్న విషయం కాదు. కానీ కార్డు పనిచేసేది మంచం ఎక్కాకే. నడుం నొప్పి, షుగరు, స్కానింగు, నెలనెలా మందులు జేబులోంచే. జ్వరమొచ్చిన వారం రోజుల కూలి ఏ కార్డులోనూ లేదు. అప్పులు చూడండి. 2019 సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93 శాతం, తెలంగాణలో 92 శాతం దాకా అప్పుల్లో ఉన్నాయి. పథకం డబ్బు పడిన రోజే కిస్తీ కట్టించుకోవడానికి సెంటరు మీటింగు పెట్టే ఫైనాన్సు కుర్రాడికి, ఏ నెల ఏ పథకం పడుతుందో మంత్రిగారికంటే బాగా తెలుసు.

మళ్లీ ఆ కరెంటు బిల్లు దగ్గరికొద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో పథకాలకు పలు అంచెల వడపోత ఉంది. ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. 300 యూనిట్లు, నాలుగు చక్రాల బండి, పొలం, పట్నంలో ఇంటి స్థలం, ఆదాయపన్ను, సర్కారు ఉద్యోగం, ఇవన్నీ జల్లెడలు. పట్నంలో 12,000 అంటే ఏమిటి? మేస్త్రి కింద ఒక్క మగమనిషి నెలకు ఇరవై రోజులు పనికి పోతే దాటిపోతుంది. పెళ్లాం కూడా పనిచేస్తే చెప్పనే అక్కర్లేదు. కాబట్టి నిజం చెప్పే కూలి కుటుంబమేదీ అర్హత సాధించదు, అందరూ అబద్ధమాడాలి. చేతికిచ్చే కూలికి కాగితం ఉండదు గనక అబద్ధం చెల్లుతుంది. కాగితం మీద జీతం తీసుకునేవాడే దొరికిపోతాడు.

అలా దొరికినవాళ్లలో అంగన్‌వాడీలున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలుపెట్టి వాళ్లు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి కార్యకర్త జీతం 11,500, ఆయాకు 7,000. జీతం పెంచమంటే మీరు ఉద్యోగులు కాదు, మీది గౌరవ వేతనమన్నారు. పథకాలు ఇమ్మంటే మీకు సర్కారు జీతం వస్తోంది గదా అన్నారు. పేద కార్మికురాలిని తయారుచేసిన యజమానీ, ఆమెకు సాయం నిరాకరించిన దాతా ఒక్కరే. స్పీన్‌హామ్‌లాండ్ మేజిస్ట్రేట్లు కూడా ఇంతకు తెగించలేదు.

కాస్త పైమెట్టున ఉన్నవాడికి ఇంకో గోతి. జీతం 21,000 దాటితే ఈఎస్ఐ పోతుంది. ఈ హద్దు 2017 జనవరిలో పెట్టింది. పీఎఫ్‌కు తప్పనిసరి హద్దు 15,000, అది 2014 నాటిది. ఆ పీఎఫ్ కింద ముప్పై ఏళ్లు కట్టిన కార్మికుడికి గ్యారంటీగా దక్కే కనీస పింఛను నెలకు వెయ్యి. పక్కింట్లో ఒక్క రూపాయీ కట్టని ముసలాయనకు నాలుగు వేలు. ముసలాయనకు ఎక్కువిస్తున్నారని నేననను. కానీ కట్టినవాడు మూర్ఖుడిలా కనిపించే పద్ధతి ఏదో ఒకరోజు కట్టడం మాన్పిస్తుంది. భవన కార్మికుల నిధి ఇంకో విడ్డూరం. 1996 చట్టంతో మొదలై కట్టడాల ఖర్చులో ఒక శాతం వాళ్ల పేర వసూలవుతూ వచ్చింది. పైసలు పోగవుతాయి, ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు అడిగేసరికి అడ్డా మీది మనిషి నోరెళ్లబెడతాడు. రోజుకో మేస్త్రి, ఎవరు రాసిస్తారు?

మా మెట్ల ఆవిడకు అర్జీ రాసిపెట్టాను. వాటాలకు విడివిడిగా మీటర్లు పెట్టించుకోమన్నారు. డిపాజిట్టుకూ వైరింగుకూ అప్పుచేసింది. నాలుగు నెలలకు అత్తగారి పింఛను తిరిగొచ్చింది. పిల్లల డబ్బు ఆ ఏడాదికి పోయినట్టే. ఆవిడ జీతం ఎంతో నాకు తెలుసు, ఎందుకంటే ఇచ్చేవాళ్లలో నేనూ ఉన్నాను. మూడేళ్లుగా పెంచలేదు. ఆమె బియ్యం, ఆమె అత్తగారి పింఛను, ఆమె బస్సు టికెట్టు చూసుకుని మేము, అరవై ఫ్లాట్ల వాళ్లం, నిశ్చింతగా ఉన్నాం. ఆ సాయంలో కొంత నాకూ అందిందన్నమాట.

అందుకని నా తీర్పు ఇది. సాయాలన్నిటినీ ఒకే మూటగా కట్టి మంచివా చెడ్డవా అనడం తెలివితక్కువ. కూలి మనిషి చేతిలో బేరం పెట్టేవి పేదరికాన్ని తగ్గించాయి, సాక్ష్యం అనంతపురం నుంచి ఆదిలాబాదు దాకా ఉంది. కూలి పక్కన ఊతకర్రలా నిలబడేవి ఆకలిని ఆపాయి, కూలిని కదపలేదు. కూలి కదలాల్సిన చోటు వేరే ఉంది. 1948 కనీస వేతనాల చట్టం ఐదేళ్లకు మించకుండా రేట్లు సవరించమంది. ఆ మాట ఎన్ని రంగాల్లో గాలికి పోయిందో కార్మిక సంఘాల వాళ్లను అడిగితే వేళ్లు మడుస్తూ చెబుతారు. దేశవ్యాప్త కనీస స్థాయి వేతనాన్ని కేంద్రం 2019లో రెండు రూపాయలు పెంచి రోజుకు 178 చేసింది. ఆరేళ్ల తర్వాత, 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చిన రోజున కూడా ఆ అంకె 178 రూపాయలే.

ఈసారి ఓట్లకొచ్చేవాళ్లు చేతిలో జాబితా పెట్టుకుని ఏమేం ఇస్తారో చదువుతారు. వినండి, తీసుకోండి. తర్వాత ఒక్కటి అడగండి, మీ ఊళ్లో చేసే పనికి కనీస వేతనం జీవో చివరిసారి ఏ సంవత్సరం సవరించారని.